అమ్మ చదివే తెర

ఆ ఆదివారం అమ్మాయికి చేయవలసిన పనులు చాలానే ఉన్నాయి. నీళ్ళ ఫిల్టరు కడగాలి. వారం బట్టలు ఉతికి ఆరేయాలి. నాన్నకు బీపీ మాత్రలు తేవాలి. వంటింట్లో మిణుకుమిణుకుమంటున్న ట్యూబులైటు మార్చాలి. ఫ్రేముల షాపుకు వెళ్ళి అమ్మ ఫోటో తెచ్చి, సాయంత్రం పిన్ని వచ్చేలోగా గోడకు తగిలించాలి. ఇవన్నీ కాక, నాన్న కంప్యూటరు పెద్ద తెరను మళ్ళీ సరిచేయాలి.

ఆ ‘మళ్ళీ’ దగ్గరే ఆమెకు ఒళ్ళు మండింది.

హాల్లో కిటికీ పక్కన ఒక పొడుగాటి బల్ల. దాని మీద ఒక ల్యాప్‌టాప్, దానికి వైరుతో తగిలించిన పెద్ద మానిటర్. బల్ల ముందు రెండు కుర్చీలు. ఆ ఇంటి బతుకంతా ఆ బల్ల మీదే గడిచింది. తండ్రి ఒక ప్రెస్సుకు ఇంటి దగ్గరే అక్షరాలూ ఫోటోలూ అమర్చి పేజీలు కట్టి ఇస్తుంటాడు. స్కూలు పుస్తకాలు, సావనీర్లు, సంస్థల నివేదికలు, అప్పుడప్పుడు ఎవరో డబ్బులు పెట్టుకుని వేయించుకునే కవితల పుస్తకాలు. తల్లి ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అయినా ఆయన కట్టిన ప్రతి పేజీకీ ప్రూఫు చదివింది ఆవిడే. తప్పులు పడి పక్కన పడేసిన కాగితాల వెనకవైపే కూతురు ఎక్కాలూ లెక్కలూ నేర్చుకుంది. ఆ కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి అయింది.

తల్లి పోయి ఏడు నెలలైంది.

టీ కప్పు పట్టుకుని హాల్లోకి వచ్చిన అమ్మాయి నేరుగా తెర దగ్గరికే వెళ్ళింది.

“నాన్నా, మళ్ళీ మార్చేశావా?”

“ఏంటమ్మా?” అన్నాడు తండ్రి, తల తిప్పకుండానే.

“ఏంటమ్మా ఏంటి? స్క్రీన్ రిజల్యూషన్. పోయిన వారమేగా సరిచేసి పెట్టాను. అంత వెడల్పు తెరకి ఆ పాతకాలం సైజు పెడితే అన్నీ అడ్డంగా సాగిపోతాయని ఎన్నిసార్లు చెప్పాలి? చూడు ఆ బొమ్మలు. రోడ్డురోలరు ఎక్కి దిగినట్టున్నాయి.”

“నాకలా కనబడట్లేదే.”

“ఎందుకు కనబడతాయి? నెలల తరబడి అలాగే చూస్తుంటే కళ్ళు అలవాటు పడిపోతాయి.”

“అలవాటైపోయింది కదా, మరి వదిలేయరాదూ?” అన్నాడాయన మెల్లగా.

ఆమె వదల్లేదు. వంగి మౌసు లాక్కుని, సెట్టింగ్స్ తెరిచి, ఆ తెరకు సరిపోయే కొలత ఎంచి నొక్కింది. తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వెలిగింది. అక్షరాలు సన్నగా, స్పష్టంగా, చీమల బారులా నిలబడ్డాయి. మధ్యలో చిన్న పెట్టె ఒకటి వచ్చింది. ఈ మార్పు ఉంచమంటారా, లేక వెనక్కి వెళ్ళిపోనా అని అడుగుతూ సెకన్లు లెక్కపెట్టుకుంటోంది. అంతలో వంటింట్లో ఫిల్టరు కింద పెట్టిన బిందె నిండి పొర్లింది. ఆమె కప్పు బల్ల మీద పెట్టి పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి తెర మళ్ళీ పాతదే. అక్షరాలు మళ్ళీ లావుగా, వెడల్పుగా, కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు ఉన్నాయి.

“నాన్నా!”

“నేనేం ముట్టుకోలేదు,” అన్నాడాయన. చేతులు రెండూ నిజంగానే ఒళ్ళో ఉన్నాయి.

“ముట్టుకోలేదని తెలుస్తూనే ఉంది. ముట్టుకోవాలి! ఉంచమని నొక్కాలి! నువ్వు ఊరుకుంటే అది వెనక్కి పోతుంది. నలభయ్యేళ్ళు యంత్రాల ముందు కూర్చున్నవాడివి, నీకు తెలీదా?”

తెలుసు. ఆయనకు బాగా తెలుసు. ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలు వెళ్ళిపోయేదాకా చూసే మనిషిలా, ఆ సెకన్లు తరిగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ఉద్యోగం కూడా ఇదే. ఒక పెద్ద ఆఫీసులో, కంప్యూటర్లు మొరాయిస్తే ఫోన్లో చెప్పి సరిచేయించే విభాగం. అక్కడ ఎంత విసిగించే మనిషికైనా ఆమె గొంతు లేవదు. “కంగారు పడకండి సార్, మీకు తెర మీద ఏం కనబడుతోందో ముందు నాకు చెప్పండి,” అంటుంది. ఎదుటివాడికి ఏం కనబడుతోందో తెలుసుకోకుండా దేన్నీ ముట్టుకోకూడదన్నది ఆ ఉద్యోగంలో మొదటి పాఠం. ఆఫీసులో పరాయివాళ్ళకు దొరికే ఆ ఓర్పు ఇంటికొచ్చేసరికి అడుగంటిపోయేది. తండ్రిని ఆ ప్రశ్న ఆమె ఒక్కసారీ అడగలేదు.

టీ తాగడం పూర్తికాకముందే ఫోను మోగింది. ప్రెస్సు యజమాని. తండ్రికి ఎడమ చెవి సరిగా వినబడదు కాబట్టి, ఎప్పుడూ స్పీకరులోనే పెట్టి మాట్లాడతాడు.

“గురువుగారూ, ఏమీ అనుకోకండి. ఈసారి కూడా అంతే అయింది.”

“ఏమైందయ్యా?”

“స్కూలు సావనీరు. నమూనా తీసి చూపించాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు తన ఫోటో చూసుకుని, ‘నాకేమైనా జబ్బు చేసిందా?’ అని అడిగారండీ. ఆవిడొక్కరే కాదు, టీచర్లందరూ అంతే. నెల్లాళ్ళుగా పస్తులున్నవాళ్ళలా ఉన్నారు. వ్యాయామం మాస్టారు ఎంత భారీ మనిషి! ఆయన్ని చూస్తే అగరొత్తి పుల్లలా ఉన్నాడు.”

“ఫోన్లతో తీసిన ఫోటోలయ్యా అవి. ముఖాలు ఉబ్బి వస్తున్నాయి. నేనే ఒక్కొక్కటీ పక్కలనుంచి నొక్కి సరిచేశాను.”

“మీరు సరిచేశాకే ఇలా వచ్చాయండీ! ఇన్నేళ్ళలో మీ పేజీకి వంక పెట్టినవాడు లేడు. ఈ ఆరేడు నెలల నుంచే ఏమైందో. పోయిన నెల బ్యాంకు వాళ్ళదీ ఇదే గోల. రేపు పొద్దున్నకి సరైన పేజీలు రాకపోతే... మా బావమరిది కొడుకు ఈ పని నేర్చుకున్నాడు. వాడికి ఇచ్చేస్తానండీ. అన్నీ. మీరు కూడా ఇక విశ్రాంతి తీసుకోవాలి కదా.”

తండ్రి “అలాగేనయ్యా” అన్నాడు. ఎవరో టైము అడిగితే చెప్పినట్టు అన్నాడు. ఫోను పెట్టేసి మళ్ళీ మౌసు మీద చెయ్యి వేశాడు.

అమ్మాయి గొంతు తగ్గించింది. “నాన్నా, మానేయరాదూ? నాకు జీతం వస్తోంది. ఇద్దరికీ చాలదా? ఈ మాటలు పడడం దేనికి?”

“జీతం సంగతి కాదమ్మా.”

“మరేంటి సంగతి?”

ఆయన పెద్ద తెర ముందున్న కుర్చీని బల్ల దగ్గరికి ఇంకాస్త జరుపుకున్నాడు. ల్యాప్‌టాప్ ముందున్న రెండో కుర్చీ, అంటే ఇన్నేళ్ళూ ఆయన కూర్చున్న కుర్చీ, ఖాళీగా ఉంది. దాని వీపు మీద ఆయన తువ్వాలు ఆరేసి ఉంది. అదీ ఆమె రోజూ చూస్తున్నదే. అందులో ఏదో ఉందని తోచలేదు.

పిన్ని సాయంత్రమన్నది మధ్యాహ్నానికే దిగిపోయింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

“ఏమే, ఇల్లేంటి ఇలా ఉంది? మా అక్క ఉండగా ఈ గడప మీద దుమ్ము కూడా వరసలో కూర్చునేది. బావా, బావున్నారా? బావుండరులెండి, నాకు తెలుసు. మీ మొహం చూస్తే మూడు పూటలూ ఉప్మాకే ఓటేస్తున్నట్టుంది.”

“నీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు,” అన్నాడు తండ్రి. ఆ రోజు ఆయన మొహాన నవ్వులాంటిది కనిపించడం అదే మొదటిసారి.

“దానికేం, అది గట్టి సరుకు. మోకాళ్ళే పోయాయి. ఏదీ, ఫోటో తెచ్చారా? అక్కను చూద్దామనే పొద్దున్నే బయల్దేరా.”

అమ్మాయి అప్పుడే ఫ్రేముల షాపు నుంచి వచ్చింది. కాగితం చుట్టిన ఫ్రేమును సోఫా మీద పెట్టి దారం తెంపింది. అది తండ్రి తన చేతులతో తయారుచేసి పంపిన ఫోటో. నాలుగేళ్ళ కిందటి పాత ఫోటో వెతికి తీసి, వెనక గోడ మీద మరకలు చెరిపి, రోజుల తరబడి కూర్చుని దిద్దాడు. ఫ్రేమయి వచ్చేదాకా కూతురికి చూపించనన్నాడు.

కాగితం తొలగింది. ముగ్గురూ చూశారు.

ఫ్రేములో ఉన్నది అమ్మే. చీర అదే, బొట్టు అదే, పెదవి చివర ఆ చిన్న నవ్వూ అదే. కాని బుగ్గలు లేవు. ముఖం సన్నగా, పొడుగ్గా, లోపలికి లాగేసినట్టుంది. ఆసుపత్రిలో చివరి రోజుల్లో దిండు మీద కనబడిన ముఖం అది.

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అయ్యో అక్కా... బావా, ఏంటిది? గుండ్రంగా పున్నమి చంద్రుడిలా ఉండే మనిషి. గోడకు పెట్టుకోవడానికి ఇదా దొరికింది మీకు? రోజూ లేచి ఇదే చూడాలా ఈ పిల్ల?”

“కాదు,” అన్నాడు తండ్రి. “నేనిలా చేయలేదు. బావున్నప్పటి ఫోటో అది. నేను చూసి చూసి సరిచేశాను. మీ అక్క ముఖం నాకు తెలీదా?”

“కళ్ళెదురుగా పెట్టుకుని కాదంటావేంటి నాన్నా!” పొద్దుటి నుంచి అణచుకున్నదంతా అమ్మాయి గొంతులోకి వచ్చేసింది. “టీచర్లను ఇలాగే చేశావు. బ్యాంకు వాళ్ళను ఇలాగే చేశావు. ఇప్పుడు అమ్మను కూడా! అదిగో, ఆ తెర వల్లే ఇదంతా. నేను సరిచేస్తాను, నువ్వు పాడుచేస్తావు. నేను సరిచేస్తాను, నువ్వు పాడుచేస్తావు. చాలు. అసలా మానిటరే వద్దు. తీసి అటక మీద పడేస్తాను!”

విసురుగా బల్ల దగ్గరికి వెళ్ళి వైరు పట్టుకుంది.

“ముట్టుకోకు!”

ఆ ఇంట్లో ఆ గొంతు అంత గట్టిగా ఎన్నడూ వినబడలేదు. పిన్ని సోఫా అంచు పట్టుకుంది. తండ్రి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“దాన్ని ముట్టుకోకు. నువ్వు వచ్చినప్పుడల్లా అక్షరాలు చిన్నవి చేసేస్తావు. చీమల్లా చేసేస్తావు. అంత చిన్నగా ఉంటే మీ అమ్మకు ఎలా కనబడుతుందే?”

వంటింట్లో, ఇంకా మార్చని ట్యూబులైటు టిక్కు టిక్కుమంటోంది.

తాను ఏమన్నాడో ఆయనకు కాసేపటికి తెలిసింది. పెద్ద తెర ముందు కుర్చీలో కూలబడ్డాడు.

“పోవడానికి రెండేళ్ళ ముందే దానికి చూపు మందగించింది,” అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. “సుగరు కళ్ళకు పాకింది. ‘అమ్మాయికి చెప్పకండి, సెలవు పెట్టి నా పక్కన కూర్చుంటుంది, కొత్త ఉద్యోగం’ అంది. అందుకని నేను ఈ తెర మీద పెద్దక్షరాలు వచ్చేదాకా ఏదో ఒకటి మార్చుకుంటూ పోయాను. ఒకచోట బాగా పెద్దవయ్యాయి. ‘ఆఁ, ఇప్పుడు కనబడుతున్నాయి’ అంది. ఆ రోజు నుంచి పెద్ద తెర దానిది, ల్యాప్‌టాప్ నాది. ఫోటోలూ గీతలూ నేను నా దాంట్లో చూసుకునేవాణ్ణి. అది ఈ పెద్దదాంట్లో అక్షరాలు చదివేది. నేను పేజీ కట్టడం, అది చదవడం. ‘ఏమండోయ్, ఇక్కడ ఒక దీర్ఘం ఎగిరిపోయింది, పట్టుకురండి’ అనేది. చివరిసారి ఆసుపత్రికి వెళ్ళేరోజు కూడా, ఆ లెక్కల పుస్తకంలో సగం మిగిలిపోయిందని దాని బాధ.”

పిన్ని ఫ్రేమును పక్కకు జరిపి సోఫాలో కూర్చుంది.

“అది పోయాక నా కుర్చీలో కూర్చోలేకపోయానమ్మా. పక్కకు చూస్తే ఖాళీ కుర్చీ. అందుకని దాని కుర్చీలోకి మారాను. ఇలా కూర్చుంటే ఖాళీగా ఉన్నది నాది. నాది ఖాళీగా ఉంటే ఫరవాలేదు.”

అమ్మాయి చేతిలోంచి వైరు జారిపోయింది. ఆ ఇంట్లోనే తిరుగుతూ, ఆ బల్ల పక్కనే టీ తాగుతూ, తల్లికి చూపు తగ్గిన సంగతి ఆమెకు తెలియలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడితే “ఏంటమ్మా ఈ పరాకు” అని విసుక్కుంది. ఒకసారి తన కొత్త ఆఫీసు గుర్తింపు కార్డు చూపిస్తే, తల్లి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి, “ఎంత బావున్నావే” అంది. కార్డు తలకిందులుగా ఉంది. అప్పుడు నవ్వింది తను.

ఆమె ల్యాప్‌టాప్ ముందున్న కుర్చీ మీద తువ్వాలు తీసి భుజాన వేసుకుని, అందులో కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు.

“నాన్నా,” అంది. “నీకేం కనబడుతోంది? నాకు చెప్పు.”

“ఎక్కడ?”

“తెర మీద. అమ్మ ఫోటో తెరువు. ఎలా ఉంది?”

ఆయన తెరిచాడు. “మీ అమ్మే. గుండ్రంగా. ఎప్పుడూ ఉండేట్టే.”

నిజమే. ఆ తెర మీద అమ్మ పూర్తిగా అమ్మలా ఉంది. నిండు బుగ్గలతో. పిన్ని లేచి వచ్చి చూసి, సోఫా మీది ఫ్రేము వంక చూసి, మళ్ళీ తెర చూసింది. “ఇదేం మాయే?” అంది గుసగుసగా.

అమ్మాయి ఒక ఖాళీ పేజీ తెరిచి, కొలతలు అంకెల్లో వేసి ఒక వృత్తం గీసింది. “ఇదెలా ఉంది?”

“కోడిగుడ్డులా ఉంది. అడ్డంగా పడుకోబెట్టినట్టు.”

“నేను వేసింది సున్నా నాన్నా. ఎటు కొలిచినా ఒకటే. ఈ తెర దాన్ని సాగదీస్తోంది.”

అంత అనుభవం ఉన్న మనిషికి ఇక చెప్పక్కర్లేదు. ఆయన ఆ గుడ్డు వంక చూశాడు, ఫ్రేము వంక చూశాడు. పెదవులు కదిలాయి.

“అయితే... తెర వెడల్పు చేసిందని తెలీక, ముఖం ఉబ్బిందనుకుని, నేనే నొక్కేశానా? మీ అమ్మను... నేనే అలా చేశానా?”

“నువ్వు చూసిన అమ్మను నువ్వు సరిగ్గానే చేశావు నాన్నా.”

ఆయన ఏడ్చాడు. తల్లి పోయిన రోజు వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు సర్దిన మనిషి, ఇప్పుడు బల్ల అంచు మీద తలపెట్టి ఏడ్చాడు. కూతురు వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. పిన్ని వంటింట్లోకి వెళ్ళి, కాసేపు ఊరికే గిన్నెలు చప్పుడు చేసింది.

కొంత తేరుకున్నాక అమ్మాయి మళ్ళీ సెట్టింగ్స్ తెరిచింది. ఈసారి తను నొక్కలేదు. “దీన్ని ఎంచు,” అంది. ఆయన ఎంచాడు. తెర నల్లబడి వెలిగింది. అక్షరాలు చీమలయ్యాయి. ఉంచమంటారా అని పెట్టె అడిగింది. సెకన్లు తరుగుతున్నాయి. ఆయన చూస్తున్నాడు. అమ్మాయి చెయ్యి చాచలేదు.

చివరి క్షణంలో ఆయన వేలు కదిలింది.

“పోయింది,” అన్నాడు సన్నగా. “దాని తెర పోయింది.”

“పోలేదు. ఉండు. అక్షరాలు పెద్దవి కావాలంటే తెరను సాగదీయక్కర్లేదు నాన్నా. సైజు పెంచే చోటు వేరే ఉంది. ఇదిగో, ఈ పక్కనే.” ఆమె చూపించింది. ఆయన ఒక మెట్టు పెంచాడు. ఇంకో మెట్టు. అక్షరాలు మళ్ళీ పెద్దవయ్యాయి, ఈసారి గుండ్రంగా, మొనలు తేలి, నిటారుగా.

ఆయన వాటిని చాలాసేపు చూశాడు. “ఇది అప్పుడే తెలిసుంటే, ఇంకా బాగా కనబడేవి దానికి.”

అది అమ్మాయికి తెలిసిన పనే. ఆఫీసులో రోజుకు పదిమందికి చెప్పే పనే. ఒక్కసారి అడిగి ఉంటే, ఆ రెండేళ్ళూ అమ్మ కళ్ళు చికిలించుకుని సాగిపోయిన అక్షరాలు చదవాల్సిన పని ఉండేది కాదు. ఈ లెక్క ఎప్పటికీ సరిపోదని ఆమెకు అర్థమైంది.

సాయంత్రం దాకా ఇద్దరూ బల్ల ముందే కూర్చున్నారు. టీచర్లు ఒక్కొక్కరే తమ ముఖాల్లోకి తిరిగి వచ్చారు. వ్యాయామం మాస్టారు రాగానే పిన్ని, “హమ్మయ్య, ఈయనకు అన్నం దొరికింది,” అంది. తండ్రి పేజీ కట్టి కూతురి వైపు జరిపాడు. “చదువు.”

ఆమె చదివింది. బాగానే ఉందంది.

“మూడో వరస చూడు. మీ అమ్మ అయితే ఈపాటికి ‘ఏమండోయ్’ అని ఉండేది,” అన్నాడు. అక్కడ ఒక దీర్ఘం ఎగిరిపోయి ఉంది.

సన్నబడ్డ ముఖం ఉన్న ఫ్రేమును పిన్ని తీసుకుపోయి పడేస్తానంది. తండ్రి ఒప్పుకోలేదు. “ఉండనీ. అదీ మీ అక్కే. చివరికి అలాగే ఉంది కదా,” అని కాగితం చుట్టి బల్ల సొరుగులో పెట్టాడు. వారం తర్వాత గోడ మీదికి నిండు బుగ్గల ఫోటో వచ్చింది. ప్రెస్సు పనీ చేజారిపోలేదు. పెద్ద తెర ముందు కుర్చీ మాత్రం మళ్ళీ ఖాళీ అయింది. తండ్రి తన పాత కుర్చీలోకి తిరిగి వెళ్ళిపోయాడు. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని కాసేపు చదువుతుంది. తప్పులు చాలా వదిలేస్తుంది.

పుస్తకం మీద రాసినవారి పేరుంటుంది. అచ్చువేసినవారి పేరూ ఉంటుంది. ప్రూఫు చదివిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. మీ పిల్లల స్కూలు పుస్తకమో, మీ ఆఫీసు నివేదికో, ఏదో ఒకటి కాలికి రాయి తగలకుండా హాయిగా చదువుకుంటూ పోయారనుకోండి. అప్పుడు ఒక్క క్షణం ఆగి, మసకబారిన కళ్ళతో ఒక పెద్ద తెర ముందు కూర్చుని ఆ అక్షరాలన్నీ మీకంటే ముందు చదివిన ఆ తల్లిని తలచుకోండి.